సైదమ్మ ముందుపాట

ఇది మామూలు కథ కాదు. ఇందులో సాగర్ ఎడమ కాలువ ఉంది, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా పరుచుకున్న పచ్చదనం ఉంది, చనిపోయాక కూడా పాడటం మానని ఒక గాయని ఉంది, విజ్ఞానశాస్త్రానికీ ఆత్మకూ మధ్య భీకర పోరాటం ఉంది, ఆ రెండింటి మధ్యా నలిగిపోయిన ఒక యువకుడి భవిష్యత్తు ఉంది. చదవడం అయ్యేసరికి మీ ఒళ్ళు జలదరిస్తుంది.

నిజానికి అంత లేదు. పోరాటం అన్నది నేను బురదలో పడటం. మిగతా సమయమంతా పొలం ఒడ్డు మీద కూర్చుని చీమలు దులుపుకున్నాను. యువకుడి భవిష్యత్తు మాత్రం నిజమే, ఎందుకంటే ఆ యువకుణ్ణి నేనే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. కోదాడలో మేమున్న ఫ్లాటులో దయ్యం తిరుగుతుందని చెప్పుకునేవాళ్ళు. అందుకే కిరాయి తక్కువకు వస్తుందని మా నాన్న ఏరికోరి అందులో దిగాడు. ఏళ్ళ తరబడి ఉన్నాం. రాత్రిళ్ళు వినిపించే చప్పుడు పై అంతస్తువాళ్ళ వాషింగ్ మెషీన్ అని తేలింది. దయ్యమే ఉండుంటే మా నాన్నతో ఒక ఇంట్లో ఉండలేక ఎప్పుడో ఖాళీ చేసి ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. మ్యూజిక్ టెక్నాలజీ, మ్యూజికాలజీ. మొదటి సగంలో శబ్దాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పుతారు. రెండో సగంలో, పట్టుకున్న శబ్దం గురించి ఎవరికీ అర్థం కాకుండా ఎలా రాయాలో నేర్పుతారు. మా ఊళ్ళో ఇంజనీరింగ్ నుంచి తప్పించుకోవడం కష్టం. నేనూ తప్పించుకోలేదు, పూర్తి చేసి పారిపోయాను. కోర్సు పేరులో టెక్నాలజీ అన్న మాట ఉంది కాబట్టి నాన్న ఒప్పుకున్నాడు. మ్యూజికాలజీ సంగతి అడిగితే అది ఆప్షనల్ అని చెప్పాను. ఇక బంధువుల లెక్కలో నేను డీజే నేర్చుకుంటున్నాను. మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి నన్ను అందరికంటే ముందు పిలిచారు. బాక్సులు దించడానికి.

నాన్నది పురుగుమందుల దుకాణం. నేను చివరి సెమిస్టర్లోకి వచ్చాక ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏరా, ఈ చదువు అయ్యేదేనా? కాకపోతే ఇప్పుడే చెప్పు. నీకోసం కొట్లో కుర్చీ తెప్పించా. తిరిగే కుర్చీ."

"అయితది నాన్నా. ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది."

"ప్రాజెక్టు పోతే?"

"సెమిస్టర్ పోతది."

"సెమిస్టర్ పోతే కుర్చీ. ఇగ మాట్లాడేది లేదు."

సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. కుర్చీ నిజంగానే ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. కలుపుమందుల డబ్బాల మధ్య అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను నిజంగా భయపడ్డది ఆ కుర్చీకి.

ప్రాజెక్టుకి మొదట నేను ఎంచుకున్నది మిర్యాలగూడ రైసుమిల్లుల శబ్దాలు. మైకు పట్టుకుని ఒక మిల్లు గేటు దగ్గర నిలబడగానే యజమాని బయటికి వచ్చాడు. "పొల్యూషన్ ఆఫీసు నుంచా?" అన్నాడు. కాదు సార్, శబ్దం మీద చదువుతున్నాను అన్నాను. అలా చెప్పకుండా ఉండాల్సింది. శబ్దమే కదా ఆయన మీద ఉన్న ఫిర్యాదు. నాకు చాయ్ తాగించి, మిల్లు మొత్తం ఆపించి, "విను బిడ్డా, ఏం సప్పుడు లేదు గద" అని చూపించాడు. అలా నా మొదటి పరిశోధనాంశం నిశ్శబ్దంగా ముగిసింది.

అప్పుడు మా మేనమామ ఆదుకున్నాడు. ఆయనది నేరేడుచర్ల దగ్గర పల్లె, వరి సాగు. "యాసంగి నాట్లు మొదలైతున్నయి అల్లుడూ. మన పొలంల రాములమ్మ ముఠా నాటేస్తది. పాటలు పాడుతరు. అవి పట్టుకో," అన్నాడు.

ఈ రోజుల్లో నాటుపాటలు దొరకడం కష్టం. చాలా పొలాల్లో బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన మగవాళ్ళ ముఠాలు నాటుతున్నాయి. వాళ్ళు ఫోన్‌లో వాళ్ళ పాటలు పెట్టుకుంటారు. కొన్ని చోట్ల యంత్రమే నాటుతుంది, అదీ ఒకలాంటి పాటే కానీ సాహిత్యం తక్కువ. సొంతంగా పాడుతూ నాటే ఆడవాళ్ళ ముఠా మామ పొలంలో ఉందంటే, నాకు ప్రాజెక్టు ఇంటికి నడిచి వచ్చినట్టే.

మా గైడ్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఈ రంగంలో పెద్ద మనిషి. నవ్వరు. నవ్వితే అది అభిప్రాయం కిందికి వస్తుందనీ, అభిప్రాయానికి ఆధారం చూపించాలనీ ఆవిడ భయం అనుకుంటాను. ఒకటే షరతు పెట్టారు: ముందుపాట, వెనకపాట రెండూ పూర్తిగా స్వరలిపిలో రాయాలి.

ఇక్కడ రెండు ముక్కల్లో విషయం చెబుతాను, తర్వాత పనికొస్తుంది. ఈ పాటల్లో ఒకామె ఎత్తుకుంటుంది, అంటే కొత్త చరణం ముందుగా ఆమె పాడుతుంది. మిగతావాళ్ళు ఆమె చివరి మాటలను పట్టుకుని అందరూ కలిసి అందుకుంటారు. ఎత్తుకునే ఆమె అప్పటికప్పుడు ఏం కల్పించి పాడితే వీళ్ళు దాన్నే తిరిగి అనాలి. ఆమె ఏం పాడబోతోందో ముందుగా వీళ్ళకు తెలియదు. అందులోనే సరదా ఉంది.

రాములమ్మ ముఠాలో ఎత్తుకునే ఆమె పేరు సైదమ్మ. ఒడ్డు మీద ఎవరు నిలబడినా వాళ్ళ మీద అక్కడికక్కడే పాట కట్టేదట. గొడుగు పట్టుకుంటే గొడుగు మీద, పొట్ట ఉంటే పొట్ట మీద. మా మామకు రెండూ ఉన్నాయి. అందుకని ఆయన నాట్లప్పుడు కొన్నేళ్ళుగా సొంత పొలానికే వెళ్ళలేదు, ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లోనే వ్యవసాయం చేశాడు. ఈసారి మాత్రం నాతో వస్తానన్నాడు.

"ఏంది మామా, ధైర్యం వచ్చింది?" అన్నాను.

"సైదమ్మ సచ్చిపోయిందిరా. దసరా ముంగట. జరమొచ్చి మూడొద్దులల్ల పోయింది. మంచి మనిషి," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు నిజంగానే తిరిగాయి. కానీ పొలానికి బయల్దేరేటప్పుడు గొడుగు మాత్రం పట్టుకున్నాడు.

నాకు గుండె జారింది. సైదమ్మ కోసం కాదు, అప్పటికి ఆమె నాకు తెలియదు. నా ముందుపాట కోసం.

పొలం దగ్గర రాములమ్మ వరసలు చూస్తోంది. ముఠాకు పెద్ద ఆమే. మామకు నేను అక్క కొడుకుని కాబట్టి ఆ ఊళ్ళో అందరికీ నేను అల్లుణ్ణి, వాళ్ళందరూ నాకు అత్తలు.

"రాములత్తా, సైదమ్మ జాగల ఇప్పుడెవరు ఎత్తుకుంటున్నరు?"

"ఎవ్వరు ఎత్తుకోరు అల్లుడా. యాడాది ఎల్లాలె."

"మరి పాట?"

"పాట ఎట్ల ఆగుతది? నడుములు ఇరగయా? ఆమె వంతు ఆమెకు ఇడుస్తం. మా వంతుకు మేం అందుకుంటం."

అది ఆ ముఠా పద్ధతి. ఎత్తుకునే మనిషి పోతే సంవత్సరం తిరిగేదాకా ఆమె చోటు ఇంకెవరికీ ఇవ్వరు. వరసలో ఆమె నిలబడే జాగాను ఖాళీగా వదిలి, అటు పక్క ఆమె, ఇటు పక్క ఆమె చేతులు చాపి అక్కడ నాటుతారు. పాటలో కూడా అంతే. ఆమె పాడే సేపు మౌనంగా ఉండి, ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా అందుకుంటారు. పాత పాటల మాటలు అందరికీ నోటికి వచ్చు కాబట్టి ఇబ్బంది ఉండదని నేను అర్థం చేసుకున్నాను. ఇది చాలా హేతుబద్ధమైన వివరణ. దీని ఆయుష్షు ఆ పూట కూడా నిలవలేదు.

ప్రతి ఒక్కరి కొంగుకూ ఒక చిన్న మైకు పిన్ను పెట్టి, దాని డబ్బాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టాను. ఒడ్డు మీద చాప పరిచి, దాని వెనక ఒక పెద్ద మైకు పెట్టాను. గాలి చప్పుడు రాకుండా దానికి బూడిదరంగు బొచ్చు తొడుగు ఉంటుంది. మామ గొడుగు విప్పి నా పక్కన నిలబడ్డాడు. ముఠా నారు అందుకుని వంగింది.

కాసేపు మౌనం. కప్పలు, కొంగలు, ఎక్కడో ట్రాక్టరు. తర్వాత అందరూ కలిసి అందుకున్నారు:

"ఉడుతపిల్లను దెచ్చెనమ్మ వదినమ్మా..."

మళ్ళీ మౌనం. మళ్ళీ అందరూ:

"దాని ముంగట సాపలేసె వదినమ్మా..."

నేను బొచ్చు మైకు వైపు చూశాను. అది నిజంగానే ఉడుతలా ఉంది. ఆ మాట మా డిపార్ట్‌మెంటులో ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. అది కొత్త పాట, నా మీదే కట్టిన పాట. కానీ కట్టింది ఎవరు?

మామ అది విన్నాడు. గొడుగు ముడిచాడు. పొట్టను కాస్త లోపలికి పీల్చాడు. తర్వాత ఇంటి దారి పట్టాడు. నడుస్తున్నట్టే కనిపించాడు గానీ ఒక చెప్పు ఒడ్డు మీదే ఉండిపోయింది. మిగతా రోజుల్లో మళ్ళీ అటు రాలేదు.

చాయ్ టైముకు రాములమ్మను అడిగాను.

"అత్తా, ఉడుతపిల్ల అని ముందు ఎవరన్నరు?"

"సైదమ్మ."

"సైదమ్మ లేదు గదా."

"లేదు."

"మరి ఎట్లన్నది?"

"నిన్ను సూసినంక ఊకుండబుద్ధి గాలేదేమో," అని రాములమ్మ గ్లాసు కడిగి బోర్లించింది. పక్కనున్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. భయపడాల్సిన విషయం అని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు.

ఆటపట్టిస్తున్నారు అనుకున్నాను. పొద్దున మైకు చూసి మాట్లాడుకుని ఉంటారు. పట్నం నుంచి వచ్చినవాణ్ణి కాసేపు ఆడుకోవడం అన్ని పల్లెల హక్కు. కానీ పరిశోధకుడు ఊరికే అనుకోకూడదు, పరీక్షించాలి. ముందుగా ఊహించడానికి వీల్లేని పని ఒకటి నేను చెయ్యాలి, దాని మీద పాట వస్తుందేమో చూడాలి. ఏం చెయ్యాలా అని ఒడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ ఆలోచించాను. ఆ ఆలోచనలోనే కాలు జారి మడిలో పడ్డాను.

ఇది నేను ప్లాన్ చేసింది కాదని పాఠకులు నమ్మాలి. రికార్డింగులో ఆధారం ఉంది. మౌనం సగంలో 'ధబ్' అని వినిపిస్తుంది, అది నేనే. నోట్లో బురద ఉండటం వల్ల నా నుంచి వేరే శబ్దం రాలేదు. ఆ వెంటనే, మౌనం ఎప్పుడు అయిపోవాలో అప్పుడే, అందరూ ఒక్క గొంతుతో:

"నారు తక్కువైందని తానె నాటుకున్నడమ్మ వదినమ్మా..."

ఎవరూ తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు. పాట అయ్యాక మాత్రం ముగ్గురు వచ్చి నన్ను బయటికి లాగారు. నాటిన మొక్క పెకిలించినట్టే లాగారు.

మర్నాడు హైదరాబాద్ బయల్దేరాను. సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగినప్పుడు కిందికి దిగి, బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి అన్ని మైకుల రికార్డింగులనూ ఒకదాని కింద ఒకటి పేర్చాను. ఇది చాలా సులభమైన పరీక్ష. పదిమంది కలిసి కొత్త మాట పాడుతుంటే ఎవరో ఒకరు రెప్పపాటు ముందు మొదలుపెడతారు, మిగతావాళ్ళు ఆమెను పట్టుకుని వస్తారు. చెవికి తెలియదు, కానీ తెర మీద గీతల్లో కనిపిస్తుంది. ఆ ముందున్న ఆమెను పట్టుకుంటే గుట్టు తేలిపోతుంది.

ఎవరూ ముందు లేరు.

పాత పాటల్లో రాములమ్మ కొంచెం ముందుంటుంది, ఇంకో ఆమె ఎప్పుడూ వెనకబడుతుంది. మనుషులన్నాక అంతే. కానీ ఉడుత దగ్గరా, నా నాటు దగ్గరా అందరూ మామూలు కంటే దగ్గరగా, ఎవరో వాళ్ళకు ఇప్పుడే చెప్పి ఆగినట్టు మొదలుపెట్టారు. మౌనంలో శబ్దాన్ని ఎంత పెంచినా కప్పలే. గుసగుస లేదు, దగ్గు లేదు, సైగలకు వీల్లేదు, అందరి మొహాలూ బురద వైపే ఉన్నాయి.

నా ఒళ్ళు మొదటిసారి జలదరించింది. తల ఎత్తి చూసేసరికి నా బస్సు వెళ్ళిపోయింది. బ్యాగు దాంట్లోనే ఉంది. కాబట్టి ఎంతవరకు ఆత్మ వల్ల జలదరించిందో, ఎంతవరకు బ్యాగు వల్లో చెప్పలేను.

మేడమ్‌కి మొత్తం వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక అడిగారు.

"ముందుపాట ఎందుకు కత్తిరించావు?"

"కత్తిరించలేదు మేడమ్. లేదు."

"లేని పాటను వాళ్ళు ఎలా అందుకున్నారు?"

"అదే మేడమ్ నా సందేహం కూడా."

"నీ సందేహం కాదు, అది నీ సమాధానం అయి ఉండాలి. సగం రాసి సగం వదిలేస్తే దాన్ని ప్రాజెక్టు అనరు, ఖాళీలను పూరింపుము అంటారు. ఎవరి గొంతో వినపడకుండా చేసి, అద్భుతం అని నాకు చెబుతున్నావు. ముందుపాటతో రా. లేకపోతే ఈ సెమిస్టర్‌కి నీది సబ్మిట్ కాదు."

కళ్ళ ముందు కుర్చీ తిరిగింది. తిరిగే కుర్చీ కదా.

మళ్ళీ నేరేడుచర్ల. ఈసారి రాములమ్మ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటి తప్ప అన్నీ చేశాను. "అత్తా, ఒక్కసారి నువ్వు ఎత్తుకో. ఒక్క పాట. పాస్ అయితా."

"నీ పాస్ కోసం ఆమె జాగ గుంజుకోమంటవా?" అంది. గొంతు పెంచలేదు. నాకు ఇంకోసారి అడగాలనిపించలేదు.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. నేను అలిగి ఒడ్డు మీద కూర్చున్నాను. ముఠా మడికి అటు చివర, నాకు వీపు పెట్టి నాటుతోంది. మౌనం అయ్యాక అందుకున్నారు:

"ఎర్ర బుగ్గ ఎలగదాయె వదినమ్మా..."

బుగ్గ అంటే అక్కడ బల్బు. నేను రికార్డర్ వైపు చూశాను. రికార్డ్ అవుతున్నప్పుడు దాని మీద ఒక ఎర్ర దీపం వెలగాలి. వెలగలేదు. పొద్దుటి నుంచీ నేను బటన్ నొక్కనేలేదు. మిరపగింజంత దీపం, మడి అవతల నుంచి, వెనక్కి తిరగకుండా ఎవరికి కనిపిస్తుంది?

నా దగ్గరున్న ఆధారాలన్నింటిలో ఇదే బలమైనది. ఇది రికార్డు కాలేదు. ఎందుకు కాలేదో పాటలోనే ఉంది.

ఇక నాకు మిగిలింది మోసం. చదివిన టెక్నాలజీ ఎప్పటికైనా పనికిరావాలి కదా. అందుకునే మాటలు ముందుపాట చివరి మాటలే కాబట్టి, వాటి నుంచి సైదమ్మ చరణాలు ఊహించి రాశాను. దుకాణం వెనక గదిలో నేనే పాడి, నా గొంతును సాఫ్ట్‌వేర్‌తో ఆడగొంతుగా మార్చాను. నాన్న తలుపు తోసి, "లోపల ఎవరురా ఆమె?" అన్నాడు. "ప్రాజెక్టు నాన్నా," అన్నాను. అంతకంటే అనుమానాస్పదమైన జవాబు ఇంకోటి ఉండదు.

కొత్త పాటను ఒక బ్లూటూత్ స్పీకరులో ఎక్కించుకుని పొలానికి వెళ్ళాను. ఆలోచన ఏమిటంటే, మౌనం రాగానే దాన్ని మోగించాలి, వెనకపాట ఎలాగూ వస్తుంది, రెండూ కలిపి ఒకే గాలిలో రికార్డు చేసుకోవాలి. ముఠాకు చెప్పలేదు. మౌనం వచ్చింది. నొక్కాను. నా ఆడగొంతు మడి మొత్తం వినిపించింది. కొంగలు లేచిపోయాయి.

నేను ఊహించి రాసిన చరణం చివరి మాటలు వేరే ఉన్నాయి. వాళ్ళు వాటిని అందుకోలేదు. అందరూ ఒక్క గొంతుతో అందుకున్నది ఇది:

"మేకపిల్లకు సర్ది జేసె వదినమ్మా..."

అన్నాక వాళ్ళ వల్ల కాలేదు. వరస మొత్తం ఆగిపోయింది. నారు కట్టలు చేతుల్లోనే ఉంచుకుని, నడుములు పట్టుకుని, ఒకరి మీద ఒకరు వాలి నవ్వారు. రాములమ్మ కళ్ళు తుడుచుకుంటే చెంప మీద బురద గీత పడింది.

"బంజెయ్యి అల్లుడా, దండం పెడుత," అంది. ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం కారుతున్నాయి. "పోయినకాంచి గింత మంచిగ ఎత్తుకోలే ఆమె. ఇయ్యాల్నే."

నేను స్పీకరు ఆపేశాను. ఆ దొంగపాటను అక్కడే తుడిపేశాను కూడా. నా నైతిక విలువలు మేల్కొన్నాయని రాయవచ్చు, కానీ అది నిజంగానే జలుబు చేసిన మేకపిల్లలా ఉంది.

ఉన్నది ఉన్నట్టు మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను, మోసంతో సహా. ఆవిడ మొత్తం విన్నారు. తర్వాత, సూర్యాపేటలో ఏదో కాలేజీ పని మీద వస్తున్నాననీ, అటునుంచి వచ్చి స్వయంగా చూస్తాననీ, అబద్ధమైతే అక్కడికక్కడే నా ప్రాజెక్టు కొట్టేస్తాననీ అన్నారు. నాన్నకు ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ ఆ సాయంత్రం కుర్చీ చక్రాలకు నూనె వేయించాడట.

మేడమ్ చెప్పిన రోజుకే వచ్చారు. తెల్లారకముందే హైదరాబాద్‌లో బయల్దేరారట. స్పోర్ట్స్ షూస్ వేసుకుని, సొంత రికార్డర్ పట్టుకుని, నన్ను పట్టించుకోకుండా ఒడ్డు మీద నిలబడ్డారు. మైకులన్నీ తనే తనిఖీ చేశారు. నేను దూరంగా నిలబడాలని ఆజ్ఞ. ముఠాకు ఆవిడ ఎవరో నేను చెప్పలేదు. పెద్ద సారమ్మ వస్తుందని మాత్రం చెప్పాను.

ముఠా వంగింది. రెండు పాత పాటలు అయ్యాయి, మామూలుగానే. మేడమ్ నా వైపు చూసిన చూపులో నా సెమిస్టర్ ముగింపు కనిపించింది. సైదమ్మ ఈ పూట రాలేదు, నేను గొడుగూ పొట్టా లేని మనిషిని తెచ్చాను అనుకున్నాను.

అప్పుడు మౌనం. ఈసారి కాస్త ఎక్కువసేపు ఉన్నట్టు నాకు అనిపించింది. తర్వాత అందరూ:

"పొయ్యి మీద పాలు మరిచె వదినమ్మా..."

మేడమ్ మొహంలో ఏమీ మారలేదు. రికార్డర్ ఆపలేదు. ఎడమ చేత్తో ఫోన్ తీసి ఎవరికో చేశారు. "సుధగారూ, మా ఇంటి తాళం మీ దగ్గరుంది కదా, ఒక్కసారి వంటింట్లోకి వెళ్తారా," అన్నారు. అలాగే నిలబడ్డారు. ముఠా నాటుతూనే ఉంది. కొంతసేపటికి అటు నుంచి ఏదో చెప్పారు. "గిన్నె పోతే పోయింది, కిటికీలు తెరవండి," అని మేడమ్ ఫోన్ పెట్టేశారు.

నేను నిజాయితీగా అవతలి వాదన కూడా రాయాలి. తెల్లారకముందే ఇల్లు తాళం వేసి వచ్చిన ఎవరితోనైనా పొయ్యి మీద పాలు అంటే వాళ్ళు ఒకసారి ఉలిక్కిపడతారు. మేడమ్ మొహంలో నిద్రలేమి చూసి ఎవరైనా కట్టగలరు. కానీ ఎవరైనా ఒకరు కట్టాలి. అందరూ కలిసి, వంగి, అటు తిరిగి, ఒకే మాటగా ఎలా కడతారు?

పని ఆపి అన్నాలకు కూర్చున్నప్పుడు మేడమ్ రాములమ్మ పక్కన ఒడ్డు మీద కూర్చున్నారు. ఏం అడుగుతారోనని చెవులు రిక్కించాను.

"ఆమె ఎట్లా ఉండేది?" అన్నారు మేడమ్.

"నోరు మంచిది గాదమ్మా," అంది రాములమ్మ ప్రేమగా. "పాలు పొంగినయా?"

"మాడిపోయినయ్."

"పోనీలే. ఇల్లు మిగిలింది."

మేడమ్ నవ్వారు. ఆధారం చూపించాల్సిన అవసరం లేకుండా నవ్వారు.

కారెక్కేముందు నాతో అన్నది ఒకటే. "ముందుపాట వరస నువ్వు పూరించకు. తీసెయ్యకు. పైన ఆమె పేరు రాసి, ఎన్ని తాళం మాత్రలు ఖాళీయో లెక్కపెట్టి, ఖాళీగానే ఉంచు. నేను సంతకం పెడతాను."

అలాగే రాశాను. ప్రతి చరణానికీ పై వరస సైదమ్మది, పూర్తిగా ఖాళీ. కింది వరస ముఠాది. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, ఇక్కడ ఎవరు పాడుతున్నారు అని అడిగాడు. మేడమ్ నా కంటే ముందే "రాసి ఉంది కదండీ పేరు," అన్నారు. పాస్ అయ్యాను. దుకాణంలో కుర్చీ మీద ఇప్పుడు నాన్నే కూర్చుంటున్నాడు, నడుం నొప్పికి బాగుందట.

ఆ మౌనాల్ని ఇప్పటికీ అప్పుడప్పుడు వింటుంటాను. పెద్ద స్పీకర్లలో విన్నాను, హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, తిరగేసి విన్నాను. కప్పలున్నాయి, కొంగలున్నాయి, నేను పడ్డ చప్పుడుంది. సైదమ్మ లేదు. ఆమె లేకుండా మిగతాదంతా ఎలా ఉందో నాకు తెలియదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ పాట తర్వాత, ఎర్ర దీపం చూసుకోకుండా మాత్రం ఎప్పుడూ రికార్డింగ్ మొదలుపెట్టను.

ఇలాంటి పాటలు రాసేవాళ్ళెవరైనా ఉంటే ఒక సంగతి. స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో 'ఖాళీ వరసలను దాచు' అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. ప్రింట్ ఇచ్చేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాన్ని తీసెయ్యాలి. లేకపోతే ఆ వరస కాగితం మీద రాదు, మొత్తం మళ్ళీ ప్రింట్ తీయించుకోవాలి.